శ్రీకాకుళంలో కూర్చుని చైనాలో మీ పరికరం చేయించడం ఎలా?

రాజాం, టెక్కలి, విజయనగరం కాలేజీల పిల్లలు, పలాసలో జీడిపప్పు బట్టీ నడిపేవాళ్లు, వెల్డింగ్ షాపు పెట్టుకుని కొత్త మిషన్ ఏదో కనిపెట్టినవాళ్లు, అందరూ అడిగేది ఒకటే. "అన్నా, ఒక పీసు పనిచేస్తోంది. ఇక చైనాలో ఐదొందలు చేయించడం ఎలా?" ఫోన్‌లో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను చేసేది చిన్న డబ్బా. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కరెంటు పోయినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా రైతుకు ఫోన్ కొట్టే అలారం. ఏరేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే మిషన్లు) ఆగిపోయి రైతు నిద్రలో ఉంటే, తెల్లవారేసరికి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి పంటంతా పోతుంది. మొదటిసారి చైనాలోని షెన్‌జెన్ నగరంలో 300 చేయించాను. కింద రాసినదాంట్లో సగం ఆ 300 నేర్పినదే.

ముందుగా దగ్గర ఉండాల్సినవి

- కనీసం నెల రోజులు బయట వాడి చూసిన నమూనా. టేబుల్ మీద వెలిగిన బోర్డు నమూనా కాదు.
- బోర్డు గెర్బర్ ఫైళ్లు (బోర్డు మీద రాగి గీతలు, రంధ్రాలు ఎక్కడెక్కడో చెప్పే డ్రాయింగులు), విడిభాగాల జాబితా (అందరూ బామ్ అంటారు), ఏ భాగం ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఫైలు, డబ్బా త్రీడీ డ్రాయింగ్.
- జీఎస్టీ నంబరు, బ్యాంకులో కరెంట్ అకౌంట్ (వ్యాపార ఖాతా), దిగుమతికి ఐఈసీ నంబరు (దిగుమతి, ఎగుమతి చేసేవాళ్లకి ఇచ్చే కోడ్). ఐఈసీకి కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య శాఖ డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి మీరే అప్లై చేయవచ్చు, ఏజెంటు అక్కర్లేదు. ఏటా ఏప్రిల్–జూన్ మధ్య వివరాలు ఒకసారి కన్ఫర్మ్ చేయాలి. మరిచిపోతే నంబరు ఆగిపోతుంది, ఆ సంగతి సరకు పోర్టుకొచ్చాకే తెలుస్తుంది.
- మీ బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు చేసే బ్రాంచికి ఉండే నంబరు, కస్టమ్స్‌వాళ్లు అడుగుతారు). మన ఊళ్లలో చాలా బ్రాంచీల్లో విదేశీ చెల్లింపులు చూసేవాళ్లుండరు, కాగితాలు విశాఖ వెళ్తాయి. ఆ రెండు మూడు రోజులు లెక్కలో వేసుకోండి.
- కొటేషన్‌లో ఉన్న డబ్బు కాక, దానికి ఇంచుమించు సగం అదనంగా. ఎందుకో 9వ మెట్టులో లెక్క ఉంది.

1. అసలు వెళ్లాలా వద్దా తేల్చుకోండి

వందో రెండొందలో అయితే పూర్తి పరికరం అక్కడ చేయించకండి. ఖాళీ బోర్డులు మాత్రం జేఎల్‌సీపీసీబీ, పీసీబీవే లాంటి ఆన్‌లైన్ ఫ్యాక్టరీల నుంచి తెప్పించి, భాగాలు అతికించే పని హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చేయించండి. డబ్బాకు మార్కెట్లో దొరికే రెడీమేడ్ ప్లాస్టిక్ బాక్సు తీసుకుని రంధ్రాలు వేయించుకోండి. అందంగా ఉండదు. కానీ రైతు కొనేది అందం చూసి కాదు.

ఐదొందలు దాటి, డిజైన్ ఇక మారదని నమ్మకం కుదిరాకే కింది మెట్లు.

2. మన ఎండలో, మన ఉప్పుగాలిలో పెట్టి చూడండి

అక్కడి ఫ్యాక్టరీ పరీక్షించేది ఏసీ గదిలో. మీ పరికరం ఉండేది సంతబొమ్మాళి వైపు సముద్రానికి దగ్గర రేకుల షెడ్డులో. ఉప్పుగాలికి బోర్డు మీది రాగి పచ్చబడి గీతలు తెగిపోతాయి. అందుకని బోర్డు మీద కన్ఫార్మల్ కోటింగ్ (తేమ, ఉప్పు తగలకుండా వేసే పల్చటి పూత) కావాలని ముందే అడగండి. కనెక్టర్లు, బటన్లు ఉన్నచోట ఆ పూత పడకూడదని డ్రాయింగ్‌లో గీసివ్వండి. లేకపోతే వాటి మీదా పూసేస్తారు, కనెక్టర్‌లో కాంటాక్టు ఉండదు.

సిమ్ వేసే పరికరమైతే ఇంకోటి. జియోకు 2జీ లేదు, కాబట్టి చవకగా దొరికే 2జీ మాడ్యూల్‌తో ఆ సిమ్ పలకదు. 4జీ మాడ్యూల్ కొనేటప్పుడు అది చైనా వెర్షనా, మన దేశం బ్యాండ్లు (సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీలు) పట్టేదా అని అడగండి. 3, 5, 40 బ్యాండ్లు లేని మాడ్యూల్ శాంపిల్‌కి కూడా వద్దు. షాపులో కాదు, చెరువు గట్టు మీద పెట్టి సిగ్నల్ చూడండి.

3. అంతా కాగితం మీద పెట్టండి

మొత్తం పనిలో నేను ఎక్కువ రోజులు పెట్టమనేది ఇక్కడే.

టైలరు దగ్గరికి ఆది జాకెట్టు తీసుకెళ్తాం కదా. ఆది ఇచ్చినా "మెడ కాస్త పైకి, చేతులు మోచేతి దాకా" అని నోటితో చెప్పి వచ్చేస్తాం. టైలరుకి మనం తెలుసు, మన ఊరి అలవాటు తెలుసు, సర్దుకుపోతాడు. షెన్‌జెన్ ఫ్యాక్టరీకి ఇవేవీ తెలియవు. మీరు రాయని ప్రతిచోటా చవకైనది వస్తుంది. అది మోసం కాదు. మీరు ఖాళీ వదిలారు, వాళ్లు నింపారు.

నా 300 బోర్డుల సంగతి వినండి. బామ్‌లో ఒక కెపాసిటర్‌కి (కరెంటును కాసేపు దాచుకునే చిన్న భాగం) "470 మైక్రోఫారడ్, 25 వోల్టులు" అని మాత్రం రాశాను. శాంపిల్‌లో 105 డిగ్రీల రేటింగ్‌ది (అంత వేడి దాకా తట్టుకునేది) పెట్టారు, బాగా పనిచేసింది. లాట్‌లో (ఒక విడతగా చేసిన మొత్తం సరకులో) 85 డిగ్రీలది వచ్చింది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయువు ప్రతి 10 డిగ్రీల వేడికీ దాదాపు సగమవుతుందని లెక్క. అంటే 20 డిగ్రీల తేడాకి పావు వంతే మిగిలింది. మే నెలలో రేకుల కింద ఒక్కొక్కటే ఉబ్బడం మొదలైంది. ఒకరాత్రి రెండింటికి బావమరిది ఫోన్. "బావా, ఏరేటర్లు ఆగి గంటయింది, నీ డబ్బా పలకలేదేటి?" జనరేటర్ వేసుకుని పంట దక్కించుకున్నాడు గానీ, నలభైకి పైగా బోర్డులు నేను చేత్తో విప్పి మార్చాల్సి వచ్చింది. ఫ్యాక్టరీతో గొడవ పెట్టుకుందామంటే, నా కాగితంలో ఎక్కడా 105 అని లేదు.

కాబట్టి బామ్‌లో ప్రతి వరుసలో ఇవి ఉండాలి: తయారీ కంపెనీ పేరు, వాళ్ల పూర్తి పార్ట్ నంబరు, ఎన్ని, బోర్డు మీద ఎక్కడ. "లేదా దానికి సమానమైనది" అనే మాట ఎక్కడా రాయకండి. ఆ భాగం దొరక్కపోతే బదులు ఏది వాడవచ్చో మీరే పార్ట్ నంబరుతో రాయండి. మీ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ భాగమూ మార్చకూడదని ఆర్డర్‌లో ఒక వాక్యం పెట్టండి.

డబ్బా మీద తెలుగు అక్షరాలు ఉంటే జాగ్రత్త. తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా చూపించని సాఫ్ట్‌వేర్లు అక్కడ చాలా ఉన్నాయి. మీరు టైప్ చేసి పంపిన "హెచ్చరిక" ముక్కలు ముక్కలై, ఒత్తు పక్కకి జరిగి అచ్చవుతుంది. చూసేవాడికి తెలుగు రాదు కాబట్టి తప్పని తెలియదు. అక్షరాలను ఫాంట్‌గా కాకుండా గీతలుగా మార్చి పీడీఎఫ్ పంపండి. అచ్చైన స్టిక్కర్ ఫోటో తెప్పించుకుని అక్షరం అక్షరం చదవండి. ఇంట్లో అమ్మ చేతో నాన్న చేతో చదివించండి, మన కళ్లు అలవాటుపడి తప్పు పట్టవు.

ఛార్జర్ ఉంటే మన గుండ్రటి పిన్నుల ప్లగ్గే కావాలని బొమ్మతో సహా రాయండి. నవ్వకండి, చప్పటి పిన్నులవి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

4. ఫ్యాక్టరీని వెతకడం

ఆన్‌లైన్‌లో ఫ్యాక్టరీ అని చెప్పుకునేవాళ్లలో చాలామంది మధ్యవర్తులే. మధ్యవర్తి ఉండటం తప్పేం కాదు, చిన్న ఆర్డర్లకి ఒక్కోసారి అదే మేలు. కానీ మీరు ఎవరితో మాట్లాడుతున్నారో మీకు తెలియాలి.

- వ్యాపార లైసెన్సు కాపీ అడగండి. అందులో 18 అంకెలు, అక్షరాలు కలిసిన కోడ్ ఉంటుంది. లైసెన్సులో వ్యాపార పరిధి అనే చోట తయారీ ఉందా, అమ్మకం మాత్రమే ఉందా అన్నది ఫోన్ కెమెరా అనువాదంతో చదువుకోవచ్చు.
- ముందుగా చెప్పకుండా వీడియో కాల్ అడగండి. "ఇప్పుడే కాస్త కిందికి దిగి లైన్ చూపించండి" అంటే నిజమైన ఫ్యాక్టరీ చూపిస్తుంది, రేపు అంటే అనుమానించండి.
- ఒకే కాగితాలు ముగ్గురికి పంపి కొటేషన్ తీసుకోండి. మిగతా ఇద్దరికంటే మరీ తక్కువ చెప్పినవాడు మీ కాగితం చదవలేదు.
- ముగ్గురి దగ్గరా డబ్బు కట్టి శాంపిల్ తెప్పించుకోండి. ఇక్కడ మిగిల్చిన పది వేలు తర్వాత లక్ష తింటాయి.

మాట్లాడే తీరు గురించి ఒక మాట. "ఇది చేయగలరా?" అని అడిగితే "నో ప్రాబ్లం" అనే వస్తుంది. దాని అర్థం మీ మాట వినబడింది అని మాత్రమే. "ఇది ఎలా చేస్తారు? ఏ మిషన్ మీద? ఎలా పరీక్షిస్తారు?" అని అడగండి. జవాబు తడబడితే అక్కడే తెలిసిపోతుంది.

వాళ్లు వాడే వీచాట్ మన దేశంలో 2020 నుంచి నిషేధం. మనం వాడే వాట్సాప్ అక్కడ మామూలుగా తెరుచుకోదు, వీపీఎన్ పెట్టుకున్న సేల్స్‌వాళ్లే వాడతారు. కాబట్టి మాట ఎక్కడ జరిగినా ఆ సాయంత్రమే ఈమెయిల్‌లో రాసి "ఇలా అనుకున్నాం, అవునా?" అని అడగండి. చైనా మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఉదయం ఆరున్నరకి మీరు లేచి కూర్చుంటే వాళ్లకి ఆఫీసు మొదలు. మధ్యాహ్నం దాటాక మెయిల్ పెడితే జవాబు రేపే.

5. ప్లాస్టిక్ డబ్బా మోల్డ్ (డబ్బాలు పోసే ఉక్కు అచ్చు)

తొందరపడకండి. మోల్డ్ ఖర్చు లక్షల్లోకి పోతుంది, చెక్కాక ప్లాస్టిక్ మందం పెంచడం తేలిక, తగ్గించడం కష్టం. ఉక్కు చెక్కి తీయవచ్చు గానీ తిరిగి అతికించడం పెద్ద పని కదా. ముందు త్రీడీ ప్రింట్‌తో ఇరవై డబ్బాలు చేసి వాడి చూడండి. మోల్డ్ చేయిస్తే అది మీ ఆస్తి అని, అడిగినప్పుడు ఇచ్చేయాలని ఒప్పందంలో రాయించుకోండి. ఆ మాట లేకపోతే రేపు ఫ్యాక్టరీ మారాలన్నా మారలేరు.

6. రహస్యాలు, పేరు

మన దగ్గర ఇంగ్లిష్‌లో రాసుకున్న రహస్య ఒప్పందం అక్కడ పెద్దగా పనికిరాదు. చైనీస్ భాషలో, చైనా కోర్టులో చెల్లేలా రాసింది కావాలి. దానికి డబ్బు లేకపోతే ఇంకో దారి ఉంది. అసలు సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీకి ఇవ్వకండి. బోర్డు సరిగ్గా ఉందో లేదో చూసే టెస్ట్ ప్రోగ్రామ్ మాత్రం ఇచ్చి, అసలుది సరకు వచ్చాక మీ షాపులో ఎక్కించుకోండి. నేను ఇప్పటికీ అదే చేస్తున్నాను, ఐదొందల పీసులకి ఇద్దరు పిల్లలతో రెండు రోజుల పని.

బ్రాండు పేరు పెద్దదయ్యే ఆశ ఉంటే చైనాలో ట్రేడ్‌మార్క్ కూడా చేయించండి. అక్కడ ముందు దరఖాస్తు పెట్టినవాడిదే పేరు.

7. మన దేశం అనుమతులు, ఆర్డర్‌కి ముందే

వైఫై, బ్లూటూత్ ఉంటే టెలికాం శాఖలో వైర్‌లెస్ పనులు చూసే డబ్ల్యూపీసీ వారి ఈటీఏ అనే అనుమతి కావాలి. సిమ్ పరికరాలకి టెలికాం ఇంజినీరింగ్ సెంటర్ ఎంటీసీటీఈ (తప్పనిసరి పరీక్ష, సర్టిఫికెట్) జాబితాలో మీది ఉందేమో చూసుకోండి. పవర్ అడాప్టర్, లిథియం బ్యాటరీ బీఐఎస్ (మన ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా రాకూడదు. అందుకే నా సలహా: అడాప్టర్, బ్యాటరీ అక్కడ నుంచి తేవద్దు, బీఐఎస్ గుర్తు ఉన్నవి ఇక్కడే కొనండి. లిథియం బ్యాటరీని విమానంలో పంపాలంటే యూఎన్ 38.3 పరీక్ష (రవాణాలో బ్యాటరీ భద్రంగా ఉంటుందో లేదో చూసేది) కాగితం కూడా అడుగుతారు, అదో తలనొప్పి. ఈఎంఐ, ఈఎంసీ పరీక్షలకి (మీ పరికరం పక్క పరికరాలకి అడ్డొస్తుందా, వాటివల్ల చెడుతుందా అని చూసేవి) విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో ల్యాబ్ ఉంది, హైదరాబాద్ దాకా పోకముందు అక్కడ అడగండి.

8. ఆది పీసు, డబ్బు, తనిఖీ

శాంపిల్ నచ్చాక అచ్చం అలాంటివే రెండు తీసుకోండి. రెండింటి మీదా సంతకం, తేదీ వేసి ఒకటి ఫ్యాక్టరీకి పంపండి, ఒకటి మీ దగ్గర ఉంచండి. వాళ్లు దీన్ని గోల్డెన్ శాంపిల్ అంటారు. మూత విప్పి లోపల ప్రతి భాగానికీ దగ్గరగా ఫోటోలు తీసి ఆర్డర్‌కి జత చేయండి.

డబ్బు 30 శాతం ముందు, 70 శాతం తనిఖీ అయ్యాక, సరకు బయలుదేరకముందు. ఇది అక్కడ మామూలు పద్ధతి. మొత్తం ముందే కట్టమంటే వద్దనండి.

హెచ్చరిక: "మా బ్యాంకు మారింది, కొత్త ఖాతాకి పంపండి" అని మెయిల్ వస్తే ఆగండి. మెయిల్ హ్యాక్ చేసి మధ్యలో దూరే దొంగల పని అది. మీకు ముఖం తెలిసిన మనిషికి వీడియో కాల్ చేసి ఖాతా నంబరు నోటితో చెప్పించుకోండి. కంపెనీ పేరు కాకుండా ఎవరిదో సొంత పేరు ఖాతా అయితే అసలే వద్దు.

మిగతా 70 శాతం కట్టేముందు మూడో మనిషితో తనిఖీ చేయించండి. రోజు లెక్కన వెళ్లి చూసొచ్చే తనిఖీ కంపెనీలు ఉన్నాయి. ఏక్యూఎల్ పట్టిక (ఎన్ని తీసి చూడాలో, ఎన్ని లోపాల దాకా ఒప్పుకోవచ్చో చెప్పేది) ప్రకారం 500 పీసుల లాట్‌కి 50 తీసి చూస్తారు. పెద్ద లోపాలకి 2.5 స్థాయి పెట్టుకుంటే, 50లో 3 దాకా లోపాలుంటే లాట్ పాస్, 4 వస్తే ఫెయిల్. ఏది పెద్ద లోపం, ఏది చిన్నది అన్నది మీరు రాసివ్వాలి. గీత పడిన డబ్బా చిన్న లోపం. ఫేజు పోతే మోగకపోవడం పెద్దది. షాక్ కొట్టే అవకాశం ఉన్నది ఒక్కటి దొరికినా లాట్ మొత్తం ఆపాలి.

ఈలోగా టెస్ట్ జిగ్ (బోర్డును పరీక్షించే అమరిక) మీరే చేసి పంపండి. బోర్డు పెట్టి మీట నొక్కితే పచ్చ లైటో ఎర్ర లైటో వెలగాలి, అంతే. అక్కడి అమ్మాయి మీ సర్క్యూట్ చదవనక్కర్లేదు.

తేదీల విషయానికొస్తే, చైనా కొత్త సంవత్సరం జనవరి చివర నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపు ఎప్పుడైనా వస్తుంది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మన బస్సులు ఎలా కిక్కిరిసి వస్తాయో అక్కడ ఫ్యాక్టరీలు అలా ఖాళీ అవుతాయి. ముందూ వెనకా కలిపి నెల పోతుంది. తిరిగి వచ్చేవాళ్లలో కొత్త పనివాళ్లు ఎక్కువ, లోపాలూ ఎక్కువ. అక్టోబర్ మొదటి వారమూ సెలవులే.

9. సరకు రప్పించడం, సుంకాల లెక్క

కొటేషన్ ఏ షరతు మీద ఇచ్చారో చూడండి. ఎక్స్‌వర్క్స్ అంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర ధర. ఎఫ్‌ఓబీ అంటే వాళ్ల పోర్టులో ఓడ ఎక్కించేదాకా. కొత్తవాళ్లకి ఎఫ్‌ఓబీ మేలు.

సరకు విలువ, రవాణా, ఇన్సూరెన్సు కలిపి లక్ష రూపాయలు అనుకుందాం. బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 10 శాతం అనుకుంటే 10,000. దాని మీద 10 శాతం సంక్షేమ సర్‌చార్జి 1,000. ఇప్పుడు 1,11,000 మీద ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) 18 శాతం, 19,980. మొత్తం 1,30,980. ఐజీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా తిరిగొస్తుంది, కానీ ముందు మీ జేబులోంచి పోవాలి. పైన క్లియరెన్స్ ఏజెంటు, పోర్టు ఖర్చులు, లారీ. డ్యూటీ శాతం మీ వస్తువు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌ని (అది ఏ రకం సరకో చెప్పే నంబరుని) బట్టి మారుతుంది, ఏజెంటుతో ఆర్డర్‌కి ముందే తేల్చుకోండి. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌లో దాఖలు చేసే దిగుమతి పత్రం) మీద మీ జీఎస్టీ నంబరు తప్పు పడితే క్రెడిట్ కోసం తిరగాల్సిందే.

కొరియర్‌లో వస్తే బరువు మాత్రమే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించండి. అసలు బరువు, ఈ అంకె, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. ఖాళీ డబ్బాలు విమానంలో తెప్పించి గాలికి డబ్బు కట్టకండి.

"ఇన్వాయిస్‌లో విలువ తగ్గించి వేయమంటారా?" అని వాళ్లే అడుగుతారు. వద్దు. పట్టుబడితే సరకు జప్తు, జరిమానా. పైగా దారిలో సరకు పోతే ఇన్సూరెన్సు కూడా ఆ తగ్గించిన విలువకే వస్తుంది.

10. పెట్టెలు మీ గుమ్మంలోకి వచ్చాక

ముందు అన్‌లోడ్ చేస్తున్నప్పుడే పెట్టెల ఫోటోలు. తర్వాత వేర్వేరు పెట్టెల్లోంచి, పైవి కాకుండా అడుగువి తీసి, పది పీసులు మూత విప్పండి. మీ దగ్గరున్న ఆది పీసు పక్కన పెట్టి భాగాల మీది అక్షరాలు ఒక్కొక్కటే పోల్చండి. కెపాసిటర్ మీద 105 ఉందో లేదో నేను ఇప్పుడు భూతద్దం పెట్టి చూస్తాను.

ఆ తర్వాత అన్నీ 48 గంటలు కరెంటుకి పెట్టి వదిలేయండి. తయారీలో లోపమున్నవి తరచు మొదట్లోనే పోతాయి, రైతు దగ్గర పోవడం కంటే మీ ముందు పోవడం మంచిది. వీలైతే మధ్యాహ్నం మేడ మీద ఎండలో ఒక ఇరవై పెట్టండి. లోపం దొరికితే సీరియల్ నంబరు, ఫోటో, వీడియోతో అదే వారం మెయిల్ చేయండి. నెల దాటాక రాస్తే "మీ వోల్టేజీ వల్ల" అంటారు, అందులో కొంత నిజం ఉన్నా ఉండొచ్చు.

అమ్మే పెట్టె మీద దిగుమతిదారుగా మీ పేరు, చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదు ఫోన్ నంబరు ఉండాలి. చైనాలో చేసింది అని రాయడానికి సిగ్గుపడి కొందరు ఆ వరుస వదిలేస్తున్నారు. తూనికలు కొలతలవాళ్లు వస్తే ఆ ఒక్క వరుసకే కేసు.

చివరిగా, లాట్‌లోంచి ఐదు పీసులు అమ్మకుండా తీసి, తేదీ రాసి, బీరువాలో పడేయండి. తర్వాతి లాట్ వచ్చినప్పుడు పక్కన పెట్టి చూడటానికి అవే మీ ఆది.